అటక మీది వీడియో గేమ్‌కు వేల ఆటలెందుకు?

ప్రశ్న: చిన్నప్పుడు నాన్న వరంగల్ చౌరస్తాలో కొనిచ్చిన టీవీ వీడియో గేమ్ అటక మీద దొరికింది. ఇప్పటికీ పనిచేస్తోంది. మెమరీ కార్డు పెట్టుకునే క్యాసెట్ కొని, వేల ఆటలున్న కార్డు వేసి పిల్లలతో ఆడించవచ్చా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆడించవచ్చు. డబ్బు కట్టే ముందు మాత్రం మీ పాత క్యాసెట్ అడుగున పిన్నులు లెక్కపెట్టండి. అప్పట్లో మన దగ్గర అమ్మిన నకలు మిషన్లలో చాలావాటికి మూలం 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్. దాని క్యాసెట్‌కు రెండు వైపులా కలిపి 60 పిన్నులు. అదే మిషన్‌ను ఎన్ఈఎస్ పేరుతో అమెరికాలో అమ్మారు, దాని క్యాసెట్‌కు 72. ఒకదానిది మరొకదానిలో దూరదు.

ఇక వేల ఆటల మోజు వదిలేయండి. '9999 ఇన్ 1' క్యాసెట్ మా ఇంట్లోనూ ఉండేది. నాలుగు పేజీలు తిప్పేసరికి మళ్లీ అదే ట్యాంకుల ఆట, పేరు మాత్రం వేరు! అసలు మిషన్ మీద, నకలు మీద ఆడి చూసి ఎవరైనా ఏరిపెట్టిన పాతిక ఆటల జాబితా దొరికితే అదే మేలు. 2016లో తెచ్చిన బుల్లి ఎన్ఈఎస్‌లో నింటెండో కూడా 30 ఆటలతోనే సరిపెట్టింది.

ఆడి చూడాలని ఎందుకంటున్నానంటే, మొదటి సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లే. తర్వాతి పెద్ద ఆటలకు మిషన్ జ్ఞాపకశక్తి చాలక, క్యాసెట్‌లోనే అదనపు చిప్పులు పెట్టారు. మంచి మెమరీ కార్డు క్యాసెట్ ఆ చిప్పులను అనుకరిస్తుంది, చవకది చాలాసార్లు చేతులెత్తేస్తుంది. జపాన్‌లో కొన్ని ఆటలకు సంగీతం చిప్పు కూడా క్యాసెట్‌లోనే ఉండేది. ఆ శబ్దం దారి కలపని నకలు మిషన్‌లో సగం వాయిద్యాలు మూగబోతాయి. క్యాసెట్ పాడైందని దుకాణదారుతో గొడవపడకండి.

ఆటలు నింపి అమ్మే కార్డుల్లో చాలావరకు హక్కుల్లేని కాపీలే. ఈ పాత మిషన్ల కోసం ఇప్పటికీ కొత్త ఆటలు రాసేవారున్నారు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్‌ను అదే 40 కిలోబైట్లలో ఇమిడ్చారు, నలుగురు కలిసి ఆడవచ్చు. పిల్లలకు నేనైతే ముందు అదే కొంటాను.

అటక మీద బాతులను కాల్చే తుపాకీ కూడా దొరికిందా? గీతలు గీస్తూ బొమ్మ చూపే డబ్బా టీవీ ముందే అది గురి చూడగలదు, పలక టీవీ దానికి కనిపించనే కనిపించదు. పాత టీవీని ఇంకా తుక్కు సామాను వాళ్లకు ఇవ్వకపోతే, కాస్త ఆగండి.