ఫ్రిజ్ ఎవరు కొన్నా ఒకటే, ముందు మీ అక్కకు ఫోన్ చెయ్

ప్రశ్న: వచ్చే నెల కాలేజీ హాస్టల్లో చేరుతున్నాను. ఇద్దరికి ఒక గది. నా రూమ్మేట్ ఎవరో తెలిసింది, నంబరు కూడా ఇచ్చారు. గదికి ఏమేం కావాలి, ఏది ఎవరు తేవాలి, ఎవరి వస్తువు ఎవరు ఎప్పుడు వాడుకోవచ్చు, అన్నీ ఒక షీట్‌లో రాసి తనకు పంపాను. మీకూ జత చేస్తున్నాను. రెండు రోజుల తర్వాత "అబ్బో, ఇంత ఉందా! వచ్చాక చూసుకుందాంలే" అని మెసేజ్ పెట్టింది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఇలాంటివాళ్ళు చేతులూపుకుంటూ వచ్చి అన్నీ మనవే వాడేస్తారు. ఇంట్లో అక్కతో ఇదంతా పడ్డాను. తనకు పెళ్ళయి రెండేళ్ళయినా మా గదిలో బీరువా ఇప్పటికీ తనదే, తాళం తన దగ్గరే ఉంది, నా బట్టలు కుర్చీ మీద ఉంటాయి. అమ్మేమో "దాని జోలికి పోకు, వచ్చినప్పుడు గొడవ చేస్తుంది" అంటుంది. అది వేరే సంగతి. ఫ్రిజ్ ఇద్దరం సగం సగం వేసుకుని కొనాలా, నేనొక్కదాన్నే కొనాలా? గది మార్చమని ముందే అడగొచ్చా?

జవాబు: ఫ్రిజ్ సంగతి ముందు తేల్చేస్తాను, నువ్వనుకున్నంత పెద్ద విషయం కాదది. సగం సగం వద్దు. ఒకరు కొనాలి, కొన్నవాళ్ళదే ఆ వస్తువు, గది ఖాళీ చేసిన రోజు వాళ్ళే పట్టుకుపోతారు, మధ్యలో చెడిపోతే బాగు చేయించుకునేదీ వాళ్ళే, సెలవులకు వెళ్ళేముందు ప్లగ్గు తీసి, తుడిచి, తలుపు తెరిచి పెట్టాల్సిందీ వాళ్ళే. రెండోవాళ్ళు దానికి బదులు ఇంకేదైనా తెస్తారు. ఉమ్మడిగా డబ్బులు వేసుకోవాల్సింది చీపురు, ఫినాయిలు, చెత్తబుట్ట కవర్లు లాంటి వాడితే అయిపోయేవాటికి. ఏడాది చివర్లో ఏమీ మిగలదు కాబట్టి పంపకాల పేచీ ఉండదు.

అయినా ఇవన్నీ కొనేముందు హాస్టల్ వాళ్ళిచ్చిన నిబంధనల కాగితం చదివావా? నీ షీట్‌లో కెటిల్, ఇస్త్రీ పెట్టె రెండూ దర్జాగా కూర్చున్నాయి. కాయిల్‌తో వేడెక్కే వస్తువులను గదిలో పెట్టుకోనివ్వని హాస్టళ్ళు చాలా ఉన్నాయి, అది ఊరికే పెట్టిన రూలు కాదు. కెటిల్ ఒక్కటే 1500 వాట్ల దాకా లాగుతుంది, ఇస్త్రీ పెట్టె ఇంకో 1000, రెంటినీ తీసుకెళ్ళి ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే వైరు వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఫోన్లు, లాప్‌టాప్, టేబుల్ లైటు లాంటివాటికైతే ఆ బాక్సు చాలు. ఫ్రిజ్‌ను మాత్రం నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలి, వేడి బయటికి పోవడానికి వెనక సందు వదలాలి, తెచ్చేటప్పుడు పడుకోబెట్టి తెస్తే నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి అప్పుడు స్విచ్చి వేయాలి. మరి ఆ గదిలో ప్లగ్గులు ఎక్కడున్నాయో, మంచాలు ఎటు వేశారో చూడకుండానే ఫ్రిజ్ ఎవరి మంచం వైపు ఉండాలో రాసి పెట్టావు! ఈ విషయంలో మాత్రం "వచ్చాక చూసుకుందాం" అన్న ఆ పిల్లదే తెలివైన మాట.

గది మార్చమని అడగకు. ఇంకా మొహం కూడా చూడని మనిషి మీద ఏమని ఫిర్యాదు చేస్తావు?

ఇక నీ ఉత్తరం. "వేరే సంగతి" అని దాటేశావే, నాకు మాత్రం అసలు సంగతి అదే అనిపిస్తోంది. రూమ్మేట్ నీకు ఇప్పటిదాకా ఏం చేసింది చెప్పు? ఒక మెసేజ్‌కు ఆలస్యంగా, కాస్త సరదాగా జవాబిచ్చింది. అంతే కదా. దానికి "ఇలాంటివాళ్ళు" అని తీర్పు కూడా చెప్పేశావు. ఇన్నేళ్ళూ అక్క మీద పెట్టుకున్న కోపమిది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, తనకేమీ సంబంధం లేని అమ్మాయి మీదికి తిప్పుతున్నావు.

షీట్ మొత్తం చదివాను. "అడగకుండా ముట్టుకోరాదు" అని ఆరు చోట్ల ఉంది. అల్మరాల దగ్గర "ఎవరి తాళం వారి దగ్గరే" అని లావు అక్షరాల్లో పెట్టావు. పొద్దున అద్దం ముందు ఎవరు ఎప్పుడు నిలబడాలో టైములు వేశావు. ఇవన్నీ చదువుతుంటే ఇంట్లో నువ్వు ఎంత నలిగావో అర్థమైంది, జాలి కూడా వేసింది. కానీ ఒకటి గమనించావా? తను తేవాల్సిన వస్తువుల కాలమ్ కూడా నువ్వే నింపేశావు. కర్టెన్ల రంగు నువ్వే ఖాయం చేశావు. గది ఇద్దరిదీ, నిర్ణయాలు మాత్రం ఒక్కరివి. ఇన్నాళ్ళూ మీ అక్క చేసింది ఇదే కదమ్మా.

మీ అమ్మను కూడా ఒక మాట అనకుండా ఉండలేను. గొడవ చేసే బిడ్డకు భయపడి, గొడవ చేయని బిడ్డను సర్దుకోమనడం చాలా ఇళ్ళలో ఉన్నదే. ఇంట్లో ప్రశాంతత కోసమే అంటారు, ఆ ప్రశాంతతకు ఖర్చు మాత్రం ఎప్పుడూ ఒక్కరే పెట్టుకుంటారు. నాకిది అస్సలు నచ్చదు. పెళ్ళయి వెళ్ళిపోయిన కూతురి బీరువాకు తాళం, ఇంట్లో ఉన్న కూతురికి కుర్చీ! అయినా హాస్టల్‌కు వెళ్ళేముందు దీని మీద అమ్మతో తగువు పెట్టుకోకు, నిన్ను పంపించే దిగులుతో ఆవిడ ఇప్పటికే సగం అయిపోయి ఉంటుంది. పైగా ఇది అక్కాచెల్లెళ్ళు తేల్చుకోవాల్సింది. అమ్మను మధ్యలో పెట్టడం వల్లే ఇన్నాళ్ళూ తేలలేదని నా అనుమానం.

మీ అక్క వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించు. పెళ్ళయ్యాక ఆడపిల్లకు పుట్టింట్లో చుట్టపు మర్యాదలు మొదలవుతాయి. తన మంచం మీద దుప్పట్లు మారిపోతాయి, తను కూర్చునే చోట ఇంకెవరో కూర్చుంటారు, "ఎన్నాళ్ళుంటావు?" అని ప్రేమగానే అడుగుతారు. ఆ ఇంట్లో ఇంకా నాదని చెప్పుకోవడానికి తనకు మిగిలింది ఆ బీరువా ఒక్కటేనేమో. లోపల ఏముంటాయి? పాత చుడీదార్లు, డిగ్రీ పుస్తకాలు, ఎవరూ వేసుకోని గాజులు. తాళం తియ్యకపోవడం మొండితనం కావచ్చు, కాకపోనూ వచ్చు. రేపు నువ్వు సెలవులకు వచ్చేసరికి నీ బల్ల మీద ఇంకెవరి సామానో ఉంటే నీ గుండె కలుక్కుమంటుంది, చూస్తూ ఉండు. అలాగని తను చేసింది సబబని నేననను. రెండేళ్ళు కుర్చీ మీద బట్టలు మడతపెట్టుకున్నదానివి నువ్వు.

అందుకే, వెళ్ళేలోపే అక్కకు ఫోన్ చెయ్. మెసేజ్ వద్దు. పాత లెక్కలు తవ్వకు, నీ డ్రెస్ వేసుకుంది, చెవిపోగులు పోగొట్టింది, అవేవీ ఇప్పుడొద్దు. "అక్కా, నేను హాస్టల్‌కు వెళ్తున్నాను, ఇక్కడ నావి పెట్టుకోవడానికి బీరువాలో రెండు అరలు కావాలి, నువ్వొచ్చి సర్దిస్తావా, తాళం పంపిస్తావా, నీవన్నీ నేను జాగ్రత్తగా ఒక పక్కకు పెడతాను" అని అడుగు. మొత్తం బీరువా అడగకు. బతిమాలకు కూడా. అరిస్తే అరవనీ, వినేసి "ఆలోచించి చెప్పక్కా" అని పెట్టెయ్. ససేమిరా అంటే అప్పుడు నాన్నతో నాకో అల్మరా కావాలని నోరు తెరిచి అడుగు, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. నిన్ను వేధిస్తున్నది ఆ అరల కంటే, ఇన్నాళ్ళూ ఆ మాట నోటితో అడగలేకపోవడం. అడగలేనివాళ్ళే షీట్లు రాస్తారు.

ఆ ఫోన్ అయ్యాక రూమ్మేట్‌కు చెయ్. ఇంకో సంగతి నీకు తట్టి ఉండదు. "వచ్చాక చూసుకుందాం" అనేవాళ్ళందరూ చేతులూపుకుంటూ వచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో ఫీజు కట్టడానికే ఆపసోపాలు పడుతున్నప్పుడు ఫ్రిజ్జులు, కర్టెన్లు, టేబుల్ లైట్లు అని ఇంత పొడుగు జాబితా వస్తే, "నా దగ్గర అంత డబ్బు లేదు" అని కొత్త మనిషికి ఎవరు చెప్తారు? నవ్వేసి ఊరుకుంటారు. నిజంగా అదే అయితే నీ షీట్ చూసి ఆ పిల్ల ఎంత కంగారు పడి ఉంటుందో. కాకపోతే మరీ మంచిది. ఏదైనా సరే, "నువ్వేం తెస్తావు?" అనొద్దు, "నీ దగ్గర ఇప్పటికే ఏమున్నాయి?" అని అడుగు. చేరిన మొదటి వారం పక్కబట్టలు, పుస్తకాలు, ఒక లైటు ఉంటే గడిచిపోతుంది, మిగతావి గది చూశాక ఇద్దరూ కలిసి కొనుక్కోవచ్చు.

అన్నీ పంచుకోమని మాత్రం చెప్పను. తువ్వాలు, దువ్వెన, రేజరు, కాటుక, దిండు ఎవరివి వాళ్ళవే. మొహమాటపడి ఇచ్చావంటే గజ్జి, పేలు, కళ్ళకలక లాంటివి కూడా పంచుకోవాల్సి వస్తుంది. డాక్టరు నీకు రాసిచ్చిన మందులు అసలే వద్దు. లాప్‌టాప్, ఇయర్‌ఫోన్లు నీ ఇష్టం. ఇవ్వాలనిపిస్తే మనస్ఫూర్తిగా ఇవ్వు, లేకపోతే "ఇది ఇవ్వలేనే" అని నవ్వుతూ చెప్పు. ఇచ్చి, ఎన్నిసార్లు తీసుకుందో మనసులో లెక్క పెట్టుకుంటూ, నెలాఖరుకు పేలిపోవడం మాత్రం చేయకు, నీకా అలవాటు ఉన్నట్టే ఉంది. ఎప్పుడైనా చెప్పకుండా ఏదైనా వాడిందనుకో, ఆ రోజే, మొహం మీదే చెప్పు. తలుపు మీద చీటీ అంటించడం, పక్క గదివాళ్ళతో చెప్పుకోవడం ఎంత చికాకు పుట్టిస్తాయో హాస్టల్లో ఉన్నవాళ్ళెవరినైనా అడుగు.

ఒక నెల అలా ఉండి చూడు. అప్పటికీ తను మారకపోతే, నువ్వు చెప్పినా వినకపోతే, అప్పుడు వార్డెన్ దగ్గరికి వెళ్ళు. ఏం జరిగింది, నువ్వేం చెప్పావు, తనేం జవాబిచ్చింది అని వరసగా చెప్పగలిగితే ఆవిడ కూడా వింటుంది. అప్పటిదాకా కర్టెన్లు కొనకు, కిటికీ కొలతలు కూడా తెలియవు కదా.