బెత్లెహేం వెళ్తున్న సుధకు

సుధా,

పాలస్తీనాలోని బెత్లెహేంలో ఆడవాళ్లతో పనిచేసే ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కొన్నేళ్లు ఆ గాలి పీల్చినదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా. పెద్దమ్మ చాదస్తం అనుకోకు.

వెళ్లీ వెళ్లగానే శాంతి గురించి ఎత్తకు. ఆ మాట వాళ్లు వినీ వినీ విసిగిపోయారు. ముందు వాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడే మార్గం చూడు. సంపాదించే మనిషి మాటకి ఇంట్లో విలువ ఉంటుంది, ఇంట్లో విలువ ఉన్న మనిషే బయటికొచ్చి ధైర్యంగా మాట్లాడుతుంది. పాలస్తీనా మహిళా నాయకురాలు సమీహా ఖలీల్ 1965లో రమల్లా పక్కనున్న అల్‌బీరేలో ఇన్‌ఆష్ అల్‌ఉస్రా అనే సంఘం పెట్టినప్పుడు కుట్లు, అల్లికలు నేర్పించే పట్టుకొచ్చింది ఆడవాళ్లని. ఆవిడే 1996లో పాలస్తీనా అధ్యక్ష పదవికి అరాఫత్ మీద పోటీ చేసింది. ఓడిపోయిందనుకో, కానీ ఆయన మీద నిలబడ్డది ఆవిడొక్కతే.

ఇప్పుడు రీమ్ హజాజ్రె పట్టుకున్నదీ ఆ దారే. బెత్లెహేం పక్కనే ఉన్న దెహైషె శరణార్థి శిబిరం మనిషి. 2021లో ‘విమెన్ ఆఫ్ ది సన్’ అనే ఆడవాళ్ల సంఘం మొదలుపెట్టి, ఆడవాళ్ల సంపాదన, నాయకత్వం మీద పనిచేస్తూనే, ఇజ్రాయెల్‌లోని ‘విమెన్ వేజ్ పీస్’ అనే ఆడవాళ్ల శాంతి సంఘంతో చేయి కలిపింది. 2023 అక్టోబర్ 4న రెండు సంఘాల వాళ్లూ జెరూసలేంలో, మృతసముద్రం ఒడ్డున కలిసి నిలబడ్డారు. అక్టోబర్ 7న, అవతలి సంఘాన్ని స్థాపించిన వాళ్లలో ఒకరైన వివియన్ సిల్వర్ హమాస్ దాడిలో హత్యకు గురయ్యారు. ఆ తర్వాత గాజాలో ఏం జరిగిందో నీకు తెలుసు. అయినా రీమ్ ఆ చేయి వదల్లేదు.

ఇది ఎంత కష్టమో ఇక్కణ్ణుంచి అర్థం కాదు. ఇజ్రాయెలీల పక్కన కూర్చున్న ఆడదాన్ని ‘ఆక్రమణని మామూలు చేసేస్తున్నావు’ అని సొంత అన్నదమ్ములే నిలదీస్తారు. వాళ్ల కోపంలో న్యాయం లేదని నేననను. 1967 నుంచీ ఇజ్రాయెల్ సైన్యం కింద బతుకుతున్న మనిషి దగ్గర ‘ఇద్దరిదీ తప్పే’ అని తక్కెడ పట్టుకోకు. ఎవరినీ అలాంటి మీటింగుకి రమ్మని బలవంతపెట్టకు. వచ్చినవాళ్ల ఫోటోలు అడక్కుండా ఫోన్‌లో ఎక్కించకు, తర్వాత ఊళ్లో తలెత్తుకు తిరగాల్సింది వాళ్లు.

ఇంకోటి. బెత్లెహేం నుంచి జెరూసలేం పది కిలోమీటర్ల లోపే. నీ పాస్‌పోర్ట్‌తో నువ్వు చెక్‌పాయింట్ దాటి వెళ్లి వస్తావు, ఇజ్రాయెల్ ఇచ్చే పర్మిట్ లేనిదే వాళ్లు కదల్లేరు. పొద్దున అల్‌అక్సా మసీదు చూసొచ్చి సాయంత్రం వాళ్లకి వర్ణించి చెప్పకు తల్లీ!

మాటలు నడుస్తున్నంతసేపూ వాళ్ల చేతుల్లో సూది ఆడుతూనే ఉంటుంది. నల్లబట్ట మీద ఎర్రదారంతో చిన్న చిన్న క్రాస్ కుట్లు, తత్రీజ్ అంటారు. వినట్లేదేమో అని టెన్షన్ పడకు. తల ఎత్తకుండానే సూటిగా అడిగేస్తారు, ‘దీనికి డబ్బులెప్పుడిస్తారు?’ అని. దానికి నీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. గాజా యుద్ధం మొదలయ్యాక ఇజ్రాయెల్‌లో కూలికెళ్లే లక్షమందికి పైగా మగవాళ్ల పర్మిట్లు ఆగిపోయాయి. చాలా ఇళ్లల్లో ఆడవాళ్ల సంపాదనే ఆసరా అయింది. ఆఫీసులో బిల్లు పాస్ కాలేదనే సాకు అక్కడ చెల్లదు.

మీటింగులు పొద్దునపూట పెట్టుకో, బడి వదిలేసరికి వాళ్లు ఇంట్లో ఉండాలి. వీసా సంగతి తేలగానే ఫోన్ చెయ్యి, అరబిక్ నేర్పే ఒకావిడతో మాట్లాడి పెడతా.

మీ పెద్దమ్మ