వాన పడ్డ రోజు నేల ఎట్లుందో అది గీయి

బిడ్డా,

గండిపేట ఎగువన మూసీ పరీవాహక ప్రాంతమంతటికీ భూ వినియోగ పటం నువ్వే తయారుచేసి, దాని మీద స్వాట్‌ మోడల్‌ (పడ్డ వానలో ఎంత నీరు వాగుల్లోకి పారుతుందో లెక్కగట్టే కంప్యూటర్‌ ప్రోగ్రామ్‌) నడపబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనింట్లో వాగులూ వంకల లెక్క పట్టుకున్న రెండో ఆడపిల్లవు నువ్వు. వినగానే కడుపు నిండింది. ఆ వెంటనే "ఉపగ్రహ చిత్రాలన్నీ ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయట, రెండు వారాల్లో పటం అయిపోతుందట" అన్నాడు. అక్కడ పట్టుకుంది గుబులు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. హద్దు గీయడానికి నేల ఎత్తుల పటం, కార్టోడెమ్‌ గానీ ఎస్‌ఆర్‌టీఎం గానీ, 30 మీటర్లది చాలు. అవుట్‌లెట్‌, అంటే నీళ్లన్నీ చేరే చివరి చోటు, గండిపేట ఆనకట్ట దగ్గర పెట్టు. సుమారు 740 చదరపు కిలోమీటర్లు రావాలి. బాగా తేడా వస్తే ఏదో రోడ్డు కట్ట దగ్గర వాగు పక్కకు మళ్లిందని అర్థం. టోపోషీట్‌తో (సర్వే ఆఫ్‌ ఇండియా పటంతో) పోల్చి సరిచెయ్యి. చిత్రాలకు సెంటినెల్‌-2 ఉపగ్రహానివి తీసుకో.

78 డిగ్రీల రేఖాంశం నీ ప్రాంతం మీదుగానే పోతుంది. వికారాబాద్‌ దానికి పడమర, యూటీఎం (భూగోళాన్ని నిలువు పట్టీలుగా విడదీసి కొలిచే పద్ధతి) 43వ జోన్‌. శంకర్‌పల్లి, గండిపేట తూర్పున, 44వ జోన్‌. కాబట్టి నీ చిత్రాలు రెండు జోన్లలో వస్తాయి. అన్నిటినీ మొదటి రోజే 44లోకి మార్చు. వర్గీకరించిన పటాన్ని ఎప్పుడు మార్చాల్సి వచ్చినా 'నియరెస్ట్‌ నైబర్‌' పద్ధతే, అంటే దగ్గరి గడి నంబరును ఉన్నదున్నట్టు తీసుకునేదే, వాడు. బైలీనియర్‌ పెడితే 2వ నంబరు వరికీ 6వ నంబరు అడవికీ సగటు తీసి, మధ్యలో ఎక్కడా లేని 4వ నంబరు తోటల్ని మొలిపిస్తుంది.

ఇంకొకటి. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్‌-2 విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసేసిన తర్వాతే 10,000తో భాగించాలి. మరిచిపోయి 2019 చిత్రం పక్కన 2023 చిత్రం పెడితే పచ్చదనం ఊరికే తగ్గిపోయినట్టు కనిపిస్తుంది, నువ్వు దానికి కారణాలు వెతుకుతూ కూర్చుంటావు. గూగుల్‌ ఎర్త్‌ ఇంజిన్‌లో అయితే 'హార్మొనైజ్డ్‌' అని ఉన్న సేకరణ తీసుకో, సరిపోతుంది.

ఇక అసలు సంగతి. ఈ పనిలో అందరికంటే పాత తప్పు, ఇప్పటికీ ఏటా ఎవరో ఒకరు చేసే తప్పు, ఒక్క తేదీ చిత్రంతో పటం గీయడం. వానకాలమంతా మబ్బులు. మచ్చలేని చిత్రం ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తే మార్చిలో దొరుకుతుంది. అద్దంలా ఉంటుంది. కానీ అప్పటికి మొక్కజొన్న విరిచి నెలలు దాటింది, కంది కోశారు, పత్తి కట్టె పీకేశారు. చెలకలన్నీ, అంటే వాన మీద పండే మెట్ట చేలన్నీ, బోసిగా ఉంటాయి. అనంతగిరి అడవి కూడా ఆకు రాల్చి ఉంటుంది. కంప్యూటర్‌ దాని తప్పేమీ లేకుండా చెలకలను బీడు అంటుంది, అడవిని పొదలు అంటుంది.

పటం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దెబ్బ తగిలేది కర్వ్‌ నంబర్‌ దగ్గర: వాన నీటిలో ఎంత పారిపోతుందో చెప్పే అంకె అది, ఎక్కువైతే ఎక్కువ పారుతుంది. మన దేశపు పట్టికలో, 'సీ' తరగతి (నీరు మెల్లగా ఇంకే) నేల మీద బీడుకు 91. వాలుకు అడ్డంగా చక్కగా దున్ని వేసిన పంటకు 82. తొమ్మిదే కదా తేడా అనుకోకు. 25,400ను కర్వ్‌ నంబర్‌తో భాగించి 254 తీసేస్తే ఆ నేల పట్టుకోగల నీరు మిల్లీమీటర్లలో వస్తుంది: 91కి 25, 82కి 56. తొలి నష్టం (పారడం మొదలయ్యేలోపే నేల మింగేది) అందులో ఐదోవంతు అనుకొని 100 మిల్లీమీటర్ల వానకు లెక్క కట్టు. బీడు మీద నుంచి 75 మిల్లీమీటర్లు పారుతుంది, పంట చేను మీద నుంచి 55. అలా 150 చదరపు కిలోమీటర్ల చెలకలకు తప్పు పేరు పెట్టావనుకో, ఒక్క వానకే 30 లక్షల ఘనమీటర్ల నీళ్లు, అంటే టీఎంసీలో పదోవంతు, కాగితం మీద పుట్టుకొస్తాయి.

తర్వాత జరిగేది ఇంకా చెడ్డది. మోడల్‌ చూపిన ప్రవాహం కొలిచినదానికంటే ఎక్కువ వస్తుంది. కాలిబ్రేషన్‌ (మోడల్‌ను కొలతకు సరిపోల్చడం) అని పేరు పెట్టి కర్వ్‌ నంబర్లన్నిటినీ కలిపి ఎనిమిదో పదో శాతం దించుతారు. గీత గీతకు అతుకుతుంది, నాష్‌-సట్‌క్లిఫ్‌ విలువ, అంటే ఆ పొంతనకు వేసే మార్కు, బాగుంటుంది, అందరూ సంతోషిస్తారు. కానీ దించింది చెలకలను మాత్రమే కాదు. సరిగ్గా ఉన్న ఊళ్లను, అడవిని, రాతి గుట్టలను కూడా దించారు. ఆ మోడల్‌నే పట్టుకొని "ఈ పొలాలు వెంచర్లయితే వరద ఎంత పెరుగుతుంది?" అని అడిగితే ఏం చెబుతుందో తెలుసా? గట్టి నేలకు, అంటే కాంక్రీటుకు, అదే పట్టికలో 'సీ' తరగతికి 91. నువ్వు చెలకకు ముందే 91 ఇచ్చావు. 91 నుంచి 91కి మారితే తేడా సున్నా. ఇళ్లు కడితే వరద పెరగదని నీ మోడల్‌ సంతకం పెట్టినట్టవుతుంది. దాన్ని ఎవరు ఎక్కడ చూపించుకుంటారో నీ చేతుల్లో ఉండదు, బిడ్డా. నా భయమంతా అదే.

గట్టిగా అంటున్నానని నొచ్చుకోకు. నీకు తెలివి లేక కాదు, మార్చి చిత్రం అంత అందంగా ఉంటుంది కాబట్టి చెబుతున్నాను.

మూసీకి పెద్ద వరదలు మార్చిలో రావు. 1908లో నగరాన్ని ముంచింది సెప్టెంబర్‌ 28న. 2020లో హైదరాబాద్‌ మునిగింది అక్టోబర్‌ 13, 14 తేదీల్లో. అప్పుడు చేలో పత్తి, కంది నిలబడి ఉంటాయి, గట్ల మీద గడ్డి ఏపుగా ఉంటుంది. అదే జూన్‌ తొలి వాన అయితే నిజంగానే దున్నిన బోసి నేల మీద పడుతుంది. అందుకని ఒకే చెలకకు జూన్‌లో ఒక విలువ, సెప్టెంబర్‌లో ఒక విలువ. స్వాట్‌లో దీన్ని విత్తే తేదీ, కోత తేదీలతో చెప్పాలి. అందులో ముందే ఉన్న పంటల క్యాలెండర్‌ మన వానకాలానిది కాదు, అలాగే వదిలేయకు.

కాబట్టి కనీసం మూడు కిటికీలు తెరువు. అక్టోబర్‌ చివరి నుంచి నవంబర్‌ సగం దాకా ఒకటి: వానకాలం పంట నిలిచి ఉంటుంది, చెరువుల్లో నీరుంటుంది. జనవరి చివర, ఫిబ్రవరి ఒకటి: యాసంగి వరి, కూరగాయలు తెలుస్తాయి. ఏప్రిల్‌, మే ఒకటి: అప్పుడు కూడా పచ్చగా ఉంటే అది మామిడి తోటో, బోరు కింది పంటో. ఏడాది మొత్తానికి ఒకే మీడియన్‌ (నడిమి విలువ) తీస్తే మూడూ కలిసి బురదవుతాయి. ఏ కాలానికి ఆ కాలం విడిగా తీసి, పొరలుగా పేర్చి వర్గీకరించు. జూలై, ఆగస్టుల్లో మబ్బు చాటున ఏముందో చూడాలంటే సెంటినెల్‌-1 రాడార్‌ ఉంది. నాటేసే ముందు నీళ్లు నిలిపిన వరి మడి అందులో నల్లగా కనిపించి, పైరు పెరిగేకొద్దీ తెల్లబడుతుంది.

వెంచర్ల సంగతి ప్రత్యేకంగా చూసుకో. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్‌ వైపు ప్లాట్లు కోసి ఇళ్లు కట్టని నేల చాలా ఉంది. చిత్రంలో అది బీడులాగే ఉంటుంది. కానీ గట్లు చదును చేశారు, మట్టి రోలర్‌తో తొక్కించారు, నీరు దిగదు. దానికి వేరే తరగతి పెట్టు. గుర్తు పట్టేది రంగుతో కాదు, గళ్ల గళ్ల రోడ్లతో. ఆ పని నీ కళ్లే చేయాలి. పాలీహౌస్‌లను కంప్యూటర్‌ ఇళ్లంటుంది. నల్లరాతి పరుపులనూ ఇళ్లంటుంది.

కుంటల్ని మాత్రం పోగొట్టకు. ఎండాకాలంలో శిఖం (కుంటలో నీరు నిలిచే నేల) ఎండి నెర్రెలిస్తే నల్లరేగడి చేనులా ఉంటుంది, సర్కారు తుమ్మ పెరిగితే అడవిలా ఉంటుంది. నీరున్న నవంబర్‌ చిత్రంలో ఎంఎన్‌డీడబ్ల్యూఐ (నీటిని చూపే సూచిక) తీసి, ఒక్క ఏడాది కాదు ఐదారేళ్లవి కలిపి, ఎప్పుడైనా నీరు నిలిచిన చోటల్లా గుర్తుపెట్టు. టోపోషీట్‌ మీద ఉండి చిత్రంలో ఎప్పుడూ కనిపించని కుంట ఉంటే అక్కడికి వెళ్లి చూడు. ఇంత చేశాక స్వాట్‌లో హెచ్‌ఆర్‌యూ (ఒకే నేల, ఒకే వినియోగం, ఒకే వాలు ఉన్న ముక్క) దగ్గర 5 శాతం, 10 శాతం హద్దు పెట్టావో, అంతకంటే తక్కువ ఉన్న తరగతులన్నీ రాలిపోతాయి, అందులో కుంటలే ముందుంటాయి. హద్దు సున్నా పెట్టు, లేదా కుంటల్ని పాండ్‌లుగా విడిగా ఇవ్వు.

1988లో మన ఉపగ్రహం ఐఆర్‌ఎస్‌-1ఏ ఎగిరిన రోజుల్లో దాని లిస్‌-1 కెమెరా పిక్సెల్‌ 72.5 మీటర్లు. ఎకరం చేను ఒక పిక్సెల్‌ నిండేది కాదు. లైట్‌ టేబుల్‌ మీద ఎర్రటి ఎఫ్‌సీసీ (పచ్చదనం ఎర్రగా కనిపించే) ప్రింట్‌, దాని మీద ట్రేసింగ్‌ ఫిల్మ్‌, చేతిలో సన్నని పెన్ను. కంటికి ఏది అనుమానమనిపిస్తే దాని మీద చిన్న ప్రశ్నార్థకం వేసి, జీపెక్కి వెళ్లి చూసి వచ్చేవాళ్లు, వానకాలం ఒకసారి, యాసంగి ఒకసారి. నీ పిక్సెల్‌ 10 మీటర్లు. ప్రశ్నార్థకాలు మాత్రం వదలకు.

పొలాలకు వెళ్లాలి. సెప్టెంబర్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి. ఫోన్‌ జీపీఎస్‌ ఐదారు మీటర్లు అటూ ఇటూ అవుతుంది, గట్టు మీద కాదు, కనీసం 30 మీటర్ల వెడల్పున్న చేను నడుమ నిలబడి గుర్తు పెట్టు. నాలుగు దిక్కులా ఫొటో తీయి. రైతును అడుగు: పోయిన యాసంగిలో ఏమేశారు, బోరుందా, ఎన్ని నెలలు పోస్తుంది.

ఒంటరిగా మాత్రం వెళ్లకు. అడవిపందుల కోసం కొందరు రాత్రి చేల చుట్టూ కరెంటు తీగ కడతారు, తెల్లవారి తీయడం మరిచిపోతారు. చేనులోకి దిగే ముందు రైతును పిలిచి అడిగాకే దిగు. ఒరలేని పాత బావులు గడ్డిలో కనబడవు. చేతిలో కర్ర ఉండాలి. ఎండుతున్న కుంటలోకి దిగకు, పైన పెచ్చు గట్టిగా ఉన్నా కింద మోకాలి లోతు ఒండ్రు ఉంటుంది. సెప్టెంబర్‌లో మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే పని ఆపి ఊళ్లోకి వచ్చెయ్యి. చెట్టు కింద నిలబడకు. ఒక రోజు పోతే పోనీ.

పటాన్ని పరీక్షించడానికి తరగతికి 50 బిందువులకు తగ్గకుండా పెట్టుకో. శిక్షణకూ పరీక్షకూ ఒకే చేనులోని పిక్సెళ్లు పంచకు. చేను మొత్తం ఇటో అటో ఉండాలి, లేకపోతే 95 శాతం వచ్చి మోసపోతావు. మొత్తం శాతం నాకు చెప్పొద్దు. కన్ఫ్యూజన్‌ మ్యాట్రిక్స్‌ (ఏ తరగతిని ఏదిగా పొరబడ్డామో చూపే పట్టిక) పంపు. అందులో నేను ముందు చూసే గళ్లు రెండే: బీడుకూ వానకాలం పంటకూ మధ్య ఎన్ని తప్పాయి, శిఖానికీ పొదలకూ మధ్య ఎన్ని తప్పాయి. అవి రాగానే, రాత్రి ఏ వేళైనా సరే, ఫోన్‌ చెయ్యి.

మీ అత్త