మందు వేసుకున్నా మలేరియా ఎందుకు తిరగబెట్టింది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రెండు నెలల క్రితం వైవాక్స్ మలేరియా వచ్చింది. 3 రోజులు క్లోరోక్విన్ వేసుకుంటే జ్వరం తగ్గింది. 14 రోజులు వాడమన్న ప్రైమాక్విన్ మాత్రలు, బాగానే ఉన్నాను కదా అని 4 రోజులకే ఆపేశాను. ఇప్పుడు మళ్లీ చలిజ్వరం, రిపోర్టులో మళ్లీ వైవాక్సే. క్రిములన్నీ ఒకే రకమైతే కొన్ని చచ్చి కొన్ని ఎలా మిగిలాయి? మందుకు లొంగని కొత్త రకమేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు

జవాబు: కొత్త రకం కన్నా, మీ ఒంట్లో దాక్కున్నదే తిరగబెట్టి ఉండే అవకాశం ఎక్కువ. మళ్లీ దోమ కుట్టి కొత్తగా సోకిందేమో మామూలు రక్తపరీక్షలో తేలదు. ఎటైనా చికిత్స దాదాపు ఒకటే.

ఒకే రకం క్రిములన్నీ ఒకేలా నడుచుకోవు. దోమ వదిలినవి ముందు కాలేయానికి చేరతాయి. కొన్ని అక్కడ వేలల్లో పెరిగి, రక్తంలోకి వచ్చి ఎర్ర కణాలను పగలగొడతాయి. మీ వణుకు, జ్వరం వీటి పనే. మిగతావి కాలేయ కణాల్లోనే ఎదగకుండా నిద్రపోతాయి. జన్యువుల్లో తేడా లేకున్నా ఇలా జరుగుతుంది, ఒకే కాయలోని గింజల్లో కొన్ని తొలి వానకే మొలిచి, కొన్ని మట్టిలో ఆగినట్టు. నిద్రలో ఉన్నవి క్లోరోక్విన్‌కు చావవు, రక్తపరీక్షకు దొరకవు. వేడి ప్రాంతాల వైవాక్స్ కొన్ని వారాల్లోనే లేస్తుంది. చలి ప్రాంతాలది 8, 10 నెలలు కూడా ఆగగలదు. వీటిని చంపేది ప్రైమాక్విన్. మీరు మధ్యలో వదిలేసింది సరిగ్గా దాన్నే!

ఇంకో రకం మలేరియా తెచ్చే ఫాల్సిపారం క్రిమి ఇంకా జిత్తులమారిది. దాని దగ్గర ఎర్ర కణం పైపొరను మార్చే జన్యువులు 60 దాకా ఉంటాయి. ఒకసారికి ఒకటే వాడుతుంది. మన రోగనిరోధక శక్తి ఆ రూపాన్ని గుర్తుపట్టేలోగా దాని పిల్లల్లో కొన్ని వేరే రూపానికి మారిపోతాయి.

మీ సంగతికొస్తే, మిగిలిన పాత మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు. జీ6పీడీ (ఎర్ర కణాలను కాపాడే ఎంజైమ్) పరీక్ష చేయించుకోకపోతే ముందు అది చేయించండి. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవారిలో ప్రైమాక్విన్ ఎర్ర కణాలను చిట్లగొడుతుంది. అలాంటివారికి డాక్టర్ పర్యవేక్షణలో వారానికోసారి చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతి ఉంది. డోసు మీ బరువును బట్టి ఉంటుంది. భోజనం చేశాక వేసుకుంటే కడుపులో వికారం తక్కువ. మూత్రం నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మందు మొదలుపెట్టి 3 రోజులైనా జ్వరం దిగకపోతే మళ్లీ రక్తపరీక్ష చేయించాలి, మందుకు లొంగని రకమా అన్నది అప్పుడు ఆలోచిద్దాం. కోర్సు పూర్తిగా వాడినా తిరగబెడితే ఆ మాట మీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. కొందరి కాలేయం ప్రైమాక్విన్‌ను పనిచేసే రూపంలోకి సరిగా మార్చలేదు.