టర్కీ వేటకి మొదటి షాట్‌గన్: 12 గేజా, 20 గేజా?

మీరు అడిగింది ఇదీ: మిస్సోరీలో సెయింట్ లూయిస్ దగ్గర ఉంటున్నారు, హెచ్‌1బీ మీద ఉన్నారు, ఆఫీసు స్నేహితుడు వచ్చే ఏప్రిల్‌లో టర్కీ (అడవి సీమకోడి) వేటకి రమ్మన్నాడు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, చేతిలో 600 డాలర్లు. దుకాణంలో కుర్రాడు మాత్రం "3.5 అంగుళాల షెల్ పట్టే 12 గేజ్ తీసుకోండి, ఇక తిరుగుండదు" అంటున్నాడు. గేజ్ అంటే గొట్టం లావు లెక్క, షెల్ అంటే షాట్‌గన్ తూటా.

తీసుకోకండి. నేను ఆ మాటే విని ఆ తుపాకే కొన్నాను. రెండు సీజన్లు పోగొట్టుకున్నాను.

తుపాకి కంటే ముందు మీ వీసా సంగతి చెప్పాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటాలు గానీ ఉండకూడదు. హెచ్‌1బీ, ఎఫ్‌1 రెండూ అందులోకే వస్తాయి. కొనడం ఒక్కటే కాదు, స్నేహితుడిది అడిగి తెచ్చుకున్నా అదే లెక్క. మనకి పనికొచ్చే మినహాయింపు ఒకటుంది: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు మీ పేరు మీద ఉండాలి, దాని గడువు దాటి ఉండకూడదు. అంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు (మిస్సోరీలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు చేసి తీరాలి), తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే దుకాణం గడప తొక్కడం. అక్కడ నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగానే అడుగుతారు. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి: లైసెన్సు గడువు అయిపోయిందంటే బీరువాలో ఊరికే పడున్న తుపాకి కూడా మీకు చిక్కే. నేను గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా దీని జోలికి పోలేదు. మీరు ఆగలేకపోతే ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌ని కనుక్కోండి, ఆ ఫీజుని తుపాకి ఖర్చులోనే కలిపేసుకోండి.

ఇక అసలు విషయం. మన వైపు పెరట్లో తిరిగే సీమకోడిని మనసులోంచి తీసేయండి. మిస్సోరీ అడవిలో ఉండేది ఈస్టర్న్ రకం. మగది ఎనిమిది, తొమ్మిది కిలోలు తూగుతుంది, కానీ ఆ ఒంటి మీద కాల్చకూడదు. ఈకలూ, రొమ్ము కండా దాటి పెల్లెట్లు (షెల్‌లోంచి చిమ్మే చిన్న గుళ్లు) ప్రాణం ఉన్న చోటికి చేరవు. పక్షి గాయంతో పారిపోయి ఏ పొదలోనో చస్తుంది. గురి తల, మెడ మీదే. కోడిగుడ్డు కన్నా కాస్త పెద్ద తల, దాని కింద జానెడు మెడ. అది కూడా నిలకడగా ఉండదు, అడుగుకోసారి ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది. కాబట్టి తుపాకి ఎంత గట్టిగా కొడుతుందన్నది తర్వాతి మాట. ఆ జానెడు చోటులో ఎన్ని పెల్లెట్లు పడతాయి, అవి మీరు చూసిన చోటే పడతాయా అన్నదే ముందు తేలాలి.

నా 3.5 అంగుళాల 12 గేజ్ తేలికపాటి పంప్ గన్, అంటే కాల్చిన ప్రతిసారీ ముందు పిడిని చేత్తో వెనక్కి లాగి తోసే రకం. మోసుకు తిరగడానికి తేలికైతే మంచిదే, కాల్చేటప్పుడు మాత్రం ఆ తేలికంతా మన భుజం మీదే తీర్చుకుంటుంది. రేంజ్‌లో బల్ల మీద ఆనించి నాలుగు షెల్స్ కాల్చాను. మర్నాడు సీటుబెల్టు పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి వారంలో పోయింది, భయం పోలేదు. సీజన్ మొదటి వారంలోనే మగపక్షి ముప్పై గజాల్లోకి వచ్చి మెడ చాచి నిలబడింది. ట్రిగ్గర్ నొక్కే ముందే నా కళ్లు మూసుకున్నాయి, చెంప స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీంచి లేచింది. చెంప లేస్తే తుపాకి పైకి కొడుతుంది. పెల్లెట్లన్నీ దాని తల మీదుగా వెళ్లిపోయాయి. మరుసటి ఏడు ఇంకో పక్షి పన్నెండు అడుగుల్లోకే వచ్చింది, అదీ తప్పింది. గొట్టం చివర ఎక్స్‌ట్రా ఫుల్ చోక్ (గొట్టం మూతిని బాగా ఇరుకు చేసే బిరడా) ఉంటే అంత దగ్గరలో పెల్లెట్లు విచ్చుకోవు, పిడికెడంత ముద్దగా వెళ్తాయి. దూరానికి బిగించిన తుపాకి దగ్గరలో రైఫిల్‌తో సమానమని అప్పటిదాకా నాకు తట్టలేదు.

తర్వాత అది అమ్మేసి 20 గేజ్ పంప్ కొన్నాను. గేజ్ అంకె పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. గొట్టానికి సరిపోయే సీసపు గుండ్లు ఒక పౌండు బరువుకి ఎన్ని తూగుతాయన్నదే ఆ అంకె. 12 అంటే పన్నెండు, 20 అంటే ఇరవై. ఒకప్పుడు టర్కీకి 20 గేజ్ అంటే ఆడవాళ్లకీ పిల్లలకీ అనేవారు. టంగ్‌స్టన్ పెల్లెట్లు వచ్చాక ఆ మాటకి విలువ పోయింది. వీటిని టీఎస్ఎస్ అంటారు. సీసం ఘనసెంటీమీటరుకి 11 గ్రాములైతే ఇది 18 దాకా తూగుతుంది. అందుకే 9వ నంబరు పెల్లెట్ (నంబరు పెరిగే కొద్దీ పెల్లెట్ చిన్నది) చూడ్డానికి ఆవగింజలా ఉన్నా లోపలికి దిగుతుంది. సీసంలో 5వ నంబరువి ఔన్సుకి 170 వస్తే, టీఎస్ఎస్ 9వ నంబరువి 360 దాకా వస్తాయి. ఇప్పుడు 20 గేజ్ కన్నా సన్నని .410 తుపాకితో కూడా టర్కీని కొట్టేవాళ్లున్నారంటే దీనివల్లే. ధర మాత్రం మండుతుంది. ఐదు షెల్స్ పెట్టెకి పెట్టే డబ్బుతో థ్యాంక్స్‌గివింగ్‌కి గడ్డకట్టిన టర్కీలు రెండు కొనొచ్చని మా ఆవిడ ఏటా లెక్క చెబుతుంది. నలభై గజాల లోపే కాల్చేవాళ్లకి 3 అంగుళాల సీసం షెల్స్, 5 గానీ 6 గానీ, చాలు. 4వ నంబరు కన్నా లావు పెల్లెట్లు మిస్సోరీలో టర్కీకి నిషేధం. కొన్ని ప్రభుత్వ స్థలాల్లో అసలు సీసమే వాడనివ్వరు. వేటకి వెళ్లే చోటు ఏదో తేలాక అక్కడి వేట నియమాల పుస్తకం తిరగేసి మరీ షెల్స్ కొనండి.

దుకాణంలో ముందు చూడాల్సింది పేరు కాదు, స్టాక్ పొడవు. అక్కడి మామూలు తుపాకులు ఆరడుగుల మనిషి కొలతకి చేసినవి. ఏప్రిల్ తెల్లవారుజామున వేసుకునే మందపాటి జాకెట్ తొడుక్కుని వెళ్లండి. ఖాళీ తుపాకి అని మీరూ చూసుకుని, అమ్మేవాడిచేతా చూపించుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. కళ్లు తెరిచేసరికి మెడ సాగదీయకుండానే గొట్టం చివరి పూస కనబడాలి. స్టాక్ చంకలో తట్టుకుంటే అది మీకు పొడవైనట్టే. కాంపాక్ట్, యూత్ అని రాసి ఉన్నవి చూడటానికి సిగ్గుపడకండి, నాది అదే. మాస్‌బర్గ్ 500లో సేఫ్టీ మీట బొటనవేలి కింద, పైన ఉంటుంది. రెమింగ్టన్ 870లో ట్రిగ్గర్ వెనక అడ్డంగా తోసే బొత్తాం. రెండూ ఏళ్ల తరబడి నిలిచిన పంప్ గన్‌లే. ఎడమచేతి వాటమైతే మొదటిది సుఖం.

మిగిలిన డబ్బు దాచుకోకండి. సగం రెడ్‌డాట్‌కి (గురి చోట ఎర్ర చుక్క చూపే చిన్న అద్దం), సగం షెల్స్‌కి. పూస ఒక్కటే ఉంటే చెంప కాస్త లేచినా గురి మారిపోతుంది. రెడ్‌డాట్‌లో చుక్క కనబడుతున్నంతసేపూ ఆ తప్పు చాలావరకు తగ్గుతుంది. తర్వాత పెద్ద అట్టపెట్టె ఒకటి విప్పి, భోజనం పళ్లెం బోర్లించి గీత గీయండి, పది అంగుళాల చుట్టు వస్తుంది. ముందు చవక రకం తేలిక షెల్స్‌తో ఇరవై గజాల నుంచి చుక్క ఎక్కడుందో పెల్లెట్లు అక్కడే పడుతున్నాయో లేదో సరిచూసుకోండి. అసలు షెల్స్‌తో నలభై గజాల నుంచి కాల్చి చుట్టు లోపలి చిల్లులు లెక్కపెట్టండి. వంద ఉండాలన్నది పాతకాలం నుంచీ ఉన్న లెక్క. నా తుపాకిలో ఒక కంపెనీ 5వ నంబరు 41 పడితే, అదే చోక్‌తో ఇంకో కంపెనీ 6వ నంబరు 97 పడ్డాయి. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ గొట్టానికి ఏ షెల్ నచ్చుతుందో కాల్చి చూస్తే తప్ప తెలీదు. బల్ల దగ్గర కూర్చుని కాకుండా, నేల మీద చెట్టుకి వీపు ఆనించి, మోకాలి మీద తుపాకి పెట్టి కాల్చండి, అడవిలో మీరు కూర్చునేది అలాగే. నలభైలో వంద రాకపోతే ముప్పై నుంచి చూడండి. అదే మీ హద్దు, పక్షి ఎంత ఊరించినా అది దాటి కాల్చకండి.

ఇంకొక్కటి. మిస్సోరీలో సీజన్ మొదలయ్యేసరికి మీ ఊళ్లో సగం మంది నెత్తిన కార్డినల్స్ బేస్‌బాల్ జట్టు ఎర్ర టోపీ ఉంటుంది. దాన్ని ఇంట్లో వదిలేయండి. మగ టర్కీ తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. పొదల చాటు నుంచి ఆ రంగు కదిలితే అవతలివాడు పక్షే అనుకుంటాడు. నన్ను మొదటిసారి తీసుకెళ్లిన పెద్దాయన కారు దిగగానే టార్చి వేసి నా సాక్స్ చూశాడు. అంచుకి ఎర్ర చార ఉంది. విప్పించి, తన సంచిలోంచి మట్టిరంగు జత తీసిచ్చాకే అడవిలో కాలు పెట్టనిచ్చాడు.