రియాక్ట్ నేర్పించాలా, స్ప్రింగ్ బూట్ నేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. రియాక్ట్ నేర్చుకుంటే చాలని అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థవారు అంటున్నారు. జావా, స్ప్రింగ్ బూట్ రాకపోతే ఉద్యోగం కష్టమని మా బావగారు హెచ్చరిస్తున్నారు. ఏ కోర్సులో చేర్పించమంటారు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఇప్పుడు తప్పు కోర్సులో చేరితే అబ్బాయి జీవితమే దారి తప్పుతుందన్న భయం మీ ప్రశ్నలో కనిపిస్తోంది. ముందు ఆ భయం వదులుకోండి. ఈ రెండింటిలో దేనితో మొదలుపెట్టినా రెండోది తర్వాత నేర్చుకోవచ్చు. ఉద్యోగంలో చేరాక చాలామంది చేసేది అదే.

వెబ్‌సైట్లు తయారు చేయడానికి వాడే సిద్ధమైన కోడ్ సామగ్రిని స్థూలంగా ఫ్రేమ్‌వర్క్ అంటారు. వాటిలో బ్రౌజర్ వైపు, అంటే చూసేవారి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో, పనిచేసే రియాక్ట్, యాంగ్యులర్ వంటివి తెర మీద క్షణక్షణం మార్పులు జరిగే చోట, అంటే బస్సులో సీటు ఎంచుకునే పేజీ వంటి వాటిలో, బాగా పనికొస్తాయి. హాల్ టికెట్ చూపించే పేజీకి అంత హంగు అవసరం లేదు. జాంగో, లారవెల్, స్ప్రింగ్ బూట్ వంటివి సర్వర్‌లోనే, అంటే వెబ్‌సైట్‌ను నడిపే కంప్యూటర్‌లోనే, పేజీని సిద్ధం చేసి పంపితే సరిపోతుంది, పాత ఫోన్లలోనూ అది త్వరగా తెరుచుకుంటుంది.

కొద్ది నెలల్లో రియాక్ట్ నేర్పి ఉద్యోగానికి సిద్ధం చేస్తామనే కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. బ్రౌజర్‌కు చేరిన కోడ్‌ను ఎవరైనా తెరిచి చూడవచ్చు, మార్చనూ వచ్చు. కాబట్టి ఫీజు ఎంత, ఈ రికార్డు చూసే హక్కు ఎవరికుంది అన్నవి సర్వర్‌లోనే తేలాలి. తెరలు అందంగా తీర్చడం మాత్రమే వచ్చిన విద్యార్థి, ఇంటర్వ్యూలో లాగిన్ ఎలా పనిచేస్తుందని అడిగితే తడబడతాడు. పైగా ఈ రంగంలో పరికరాలు త్వరగా మారిపోతాయి. 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్‌కు, 2016లో వచ్చిన కొత్త యాంగ్యులర్‌కు పొంతన లేకపోవడంతో పాత కోడ్‌ను చాలావరకు తిరగరాయవలసి వచ్చింది. కొత్తవారు చాలామంది రియాక్ట్ మొదలుపెట్టడానికి వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పరికరాన్ని కొత్త ప్రాజెక్టులకు వాడవద్దని 2025లో రియాక్ట్ బృందమే చెప్పింది. 2024 డిసెంబరులో వచ్చిన రియాక్ట్ 19లో సర్వర్‌లో నడిచే భాగాలకు కూడా చోటు దొరికింది, అంటే మీ ప్రశ్న వెనుక ఉన్న బ్రౌజర్ పని, సర్వర్ పని అన్న విభజనే చెరిగిపోతోంది. హెచ్‌టీటీపీ (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష), జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే భాష) మూలాంశాలు మాత్రం ఏ ఫ్రేమ్‌వర్క్‌కు మారినా పనికొస్తాయి.

ఇక ఒక మాట కటువుగానే చెప్పాలి. శిక్షణ సంస్థ మాట రాశారు, బావగారి మాట రాశారు. మీ అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క వాక్యమైనా రాయలేదు. రోజుకు ఎనిమిది గంటలు ఆ పని చేయవలసినది అతడే కదా! ఇరవై ఏళ్ల కుర్రవాడిని అడగకుండా ఫీజు కట్టడం బాధ్యత అనిపించుకోదు.

ఈ సెలవుల్లో కళాశాల గ్రంథాలయానికి పుస్తకాల అరువు లెక్కలు చూసే చిన్న అప్లికేషన్‌ను అతడినే తయారు చేయనివ్వండి. పట్టికలు, లాగిన్, జరిమానా లెక్క జాంగోతో గాని స్ప్రింగ్ బూట్‌తో గాని చేసి, పుస్తకాలు వెతికే తెరకు మాత్రం రియాక్ట్ వాడమనండి. రెండిటికీ కావలసిన పాఠాలు ఆ ఫ్రేమ్‌వర్క్‌ల అధికారిక వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. అది పూర్తయ్యాక ఏ భాగం మీద ఎక్కువసేపు ఇష్టంగా కూర్చున్నాడో అతడినే అడిగి, అప్పటికీ కోర్సు అవసరమని అతడు అంటేనే డబ్బు కట్టండి.