తిరుగు బస్సు ముందు చూసుకో

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "లీడ్స్ వెళ్ళి రెండు నెలలు కాలేదు, అప్పుడే ఒక్కతే పల్లెటూళ్ళూ పాత కట్టడాలూ చూసొస్తానంటోంది, కారు కూడా లేదు, నువ్వైనా గట్టిగా చెప్పక్కా" అంది. సరేనన్నాను కానీ ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇంగ్లండులో అదే ఊళ్ళో డ్రైవింగ్ నేర్చుకోకుండా, మీ పెదనాన్న డ్యూటీలో ఉంటే పిల్లాణ్ణి వెంటేసుకుని బస్సుల్లో తిరిగినదాన్ని నేనే కదా. నీకు ఆ బుద్ధి పుట్టినందుకు లోపల్లోపల మురిసిపోయాను కూడా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు దగ్గరవి చూడు. కర్క్‌స్టాల్ అబ్బీ, అదే పాత క్రైస్తవ మఠం, లీడ్స్‌లోనే ఉంది, సిటీ బస్సు చాలు. సాల్టేర్‌లో రైలు దిగితే నేరుగా ఊళ్ళోనే ఉంటావు. టైటస్ సాల్ట్ 1853లో తెరిచిన మిల్లు, దాని పక్కనే పనివాళ్ళ కోసం కట్టించిన వీధులు, అన్నీ నడిచి చూడొచ్చు. రైల్‌కార్డు తీసుకో, టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. గొడుగు వద్దు, అక్కడి గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు కొనుక్కో. బస్‌స్టాప్‌లో చెయ్యి చాపకపోతే బస్సు ఆగదు. మన అమలాపురం బస్సులా కేక వేస్తే ఆగుతుందనుకోకు.

నీకు ఫౌంటెన్స్ అబ్బీ చూడాలని ఉందట. వెళ్ళు, తప్పకుండా వెళ్ళు. రిపన్‌కి రైలు లేదు, 1967లోనే ఆపేశారు. లీడ్స్ నుంచి హారోగేట్ మీదుగా 36 నంబరు బస్సుంటుంది. రిపన్ నుంచి ఇంకో మూడు నాలుగు మైళ్ళు. ఆ మూడు నాలుగు మైళ్ళ గురించే ఈ ఉత్తరం.

1991 అక్టోబరు నెలాఖరు. మీ అన్నయ్యకి ఆరేళ్ళు, స్కూలుకి వారం సెలవులిచ్చారు. ఇంట్లో గోల భరించలేక, పులిహోర డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను. టైం టేబుల్లో తిరుగు బస్సు సాయంత్రం 4:50కి అని చూసి చీటీ మీద రాసుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. ఆ అంకె పక్కన చీమ తలకాయంత అక్షరాలున్నాయి, అడుగున వాటి అర్థమూ ఉంది: స్కూలు ఉన్న రోజుల్లో మాత్రమే. స్కూలు సెలవని వాణ్ణి తీసుకెళ్ళాను, స్కూలు సెలవని బస్సు రాలేదు!

మధ్యాహ్నమంతా ఎంత బాగా గడిచిందో. 1132లో యార్క్ నుంచి వచ్చిన 13 మంది సన్యాసులతో మొదలైన మఠం అది, తర్వాత గొర్రెల ఉన్నితో అంత సంపన్నమైంది. సరుకు దాచుకునే ఆ పొడవాటి కమానుల గదిలో వాడు ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెడుతూ తన కేక తనకే వినపడుతుంటే పడీపడీ నవ్వాడు. నేను హ్యూబీ అనే మఠాధిపతి కట్టించిన గోపురం కింద కూర్చుని పైకి చూస్తుండిపోయాను. పాపం, ఆయన పోయి పట్టుమని పదిహేనేళ్ళు కాకుండానే, 1539లో, ఎనిమిదో హెన్రీ రాజు మఠాన్ని మూయించేశాడు.

అలా చూస్తూ కూర్చున్నామా, రోడ్డు మీదికి వచ్చేసరికి చీకటి పడుతోంది. ఐదయింది, ఐదుంపావయింది. బస్సు లేదు, వీధి దీపం లేదు, ఫుట్‌పాత్ లేదు. రెండు వైపులా పొదల కంచె, మధ్యలో ఒక కారు పట్టేంత రోడ్డు. వాణ్ణి కంచె వైపు పెట్టుకుని నడిచాను. ఎదురుగా లైట్లు వచ్చినప్పుడల్లా ఇద్దరం పొదలకి అతుక్కుపోయేవాళ్ళం. ఒక వ్యాను ఆగింది. ఎక్కమన్నాడు, మంచివాడేనేమో, నేను మాత్రం ఎక్కలేదు. పిల్లాడు ఏడవలేదే, "అమ్మా, బస్సుకి కూడా సెలవా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది. చివరికి కుక్కని తిప్పుతున్న ఒక ముసలామె ఇంటికి తీసుకెళ్ళి, టీ ఇచ్చి, టాక్సీ పిలిచింది. ఆమె పేరైనా అడగలేదు నేను.

ఇప్పుడు ఫోన్లున్నాయి పెద్దమ్మా అంటావు. ఆ లోయల్లో సిగ్నల్ పోతే ఏం చేస్తావే? తిరుగు బస్సు ముందు చూసుకో, దాని పక్కనున్న బుల్లి అక్షరాలు చదువు, ఆఖరి బస్సు కాకుండా దాని ముందుది ఎక్కు. ఆదివారం చాలా పల్లె బస్సులు ఉండనే ఉండవు. చలికాలంలో కొన్ని అసలు నడవవు. ఇంగ్లండు ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడకి వెళ్ళే బస్సు నంబరు ఏడీ122, ఆ గోడ కట్టడం మొదలైన ఏడాదే దాని నంబరు. నంబరు ముద్దుగా ఉందని డిసెంబరులో బయల్దేరకు, అక్కడ నాలుగు కాకుండానే పొద్దుగూకుతుంది. వేసవికి ఆపుకో.

పొలాల్లోంచి నడిచే దారులుంటాయి, పసుపు బాణం గుర్తులతో. దర్జాగా నడువు, గేటు మళ్ళీ వేసెయ్. దూడతో ఉన్న ఆవు కనిపిస్తే మాత్రం మన లక్ష్మి అనుకుని నిమరడానికి వెళ్ళకు, అవి పొడుస్తాయి, తొక్కుతాయి.

టార్చి కొన్నావా? డబ్బుల్లేవంటే నేను పంపిస్తాను, మీ అమ్మకి చెప్పకు.

వెళ్ళేటప్పుడు కాదు, తిరుగు బస్సు ఎక్కాక మెసేజ్ పెట్టు. చలికాలంలో నీకు సాయంత్రం ఐదంటే ఇక్కడ రాత్రి పదిన్నర. మేలుకునే ఉంటాను.

పెద్దమ్మ